కొత్త పార్ట్ చూడాలంటే పాతవన్నీ చూసి ఉండాలా? హారర్ సిరీస్‌ల చిక్కుముడి

2025 సెప్టెంబర్ 5న ‘ది కంజ్యూరింగ్: లాస్ట్ రైట్స్’ విడుదలైంది. ప్రసాద్స్‌లో టికెట్లు బుక్ చేద్దామని ఇంట్లో మాట మొదలైన దగ్గర్నుంచి ఒకటే వాదన. ఇది తొమ్మిదో సినిమా అని తమ్ముడు, పదోదని వాడి ఫ్రెండు, నాలుగో పార్టే కదా అని నేను. ఈ గొడవంతా విన్న పిన్ని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్లో అడిగింది: “ముందటివి ఒక్కటి కూడ చూడలేదురా. నాకేమన్న అర్థమైతదా?”

ముగ్గురిలో ఒక్కరం కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అప్పటికి పన్నెండేళ్లుగా ఈ సినిమాలు చూస్తున్నవాళ్లమే. పేరున్న హారర్ సిరీస్‌లో కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. దానికి ఒక్క ముక్కలో జవాబు దొరకదు. సీక్వెల్ అని మనం అనేస్తున్న ఒకే మాట కింద నాలుగైదు రకాల సినిమాలున్నాయి మరి.

## తొమ్మిది, పది, నాలుగు: ముగ్గురి లెక్కా ఎలా కుదిరింది

ముందు నంబర్ల సంగతి. దెయ్యాల కేసులు చూసే ఎడ్, లొరైన్ వారెన్ దంపతులు ముఖ్యపాత్రలుగా, ‘కంజ్యూరింగ్’ పేరుతో వచ్చినవి నాలుగు: 2013, 2016, 2021, 2025. ప్యాట్రిక్ విల్సన్, వెరా ఫార్మిగా ఆ జంటగా చేశారు. ఇది అసలు వరుస. మొదటి సినిమాలో గాజుపెట్టెలో కాసేపే కనిపించిన అనబెల్ బొమ్మ జనానికి తెగ పట్టేసింది. దాంతో ఆ బొమ్మకి సొంతంగా మూడు సినిమాలు తీశారు: 2014, 2017, 2019. రెండో ‘కంజ్యూరింగ్’లో కనిపించిన నన్ ఆకారానికి ఇంకో రెండు: 2018, 2023. ఇలా పక్క పాత్రను పట్టుకుని విడిగా తీసేదాన్ని స్పిన్‌ఆఫ్ అంటారు. నాలుగు, మూడు, రెండు కలిపితే తొమ్మిది. అది తమ్ముడి లెక్క.

పదోది ‘ది కర్స్ ఆఫ్ లా యొరోనా’ (2019). మెక్సికో జానపద కథల్లో ఏడుస్తూ తిరిగే ఆడదెయ్యం కథ అది. ‘అనబెల్’లో ఉన్న ఫాదర్ పెరెజ్ ఇందులోనూ కనిపిస్తాడు, ఆ బొమ్మ ప్రస్తావన ఒకసారి వస్తుంది. లింకు అంతే. ఆ మాత్రానికే కుటుంబంలో కలిపేసుకోవాలా అని అభిమానుల్లో ఒక వర్గం, కలిపితే నష్టమేంటని ఇంకో వర్గం. వారెన్ దంపతులు అందులో అడుగే పెట్టరు కాబట్టి నాకు మొదటి వర్గం మాటే సబబు అనిపిస్తుంది. అయినా పది అనేవాళ్లది తప్పుడు లెక్కేమీ కాదు.

## సీక్వెల్, ప్రీక్వెల్, రీబూట్: మన ‘చంద్రముఖి’తో చూస్తే

ఇంతకుముందు సినిమాలో జరిగినదాని తర్వాత ఏం జరిగిందో చెబితే సీక్వెల్. దానికి ముందు ఏం జరిగిందో చెబితే ప్రీక్వెల్. పాతదాన్ని పక్కన పెట్టి అదే కథను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటే రీబూట్. నిర్వచనాల వరకు తేలికే. చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఒకే సినిమాకి ఒకదానితో ఒకటి పొసగని రెండు సీక్వెల్స్ వచ్చినప్పుడు.

దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. ‘చంద్రముఖి’ 2005లో వచ్చింది. దర్శకుడు పి.వాసు 2010లో వెంకటేశ్‌తో ‘నాగవల్లి’ తీశారు. అది ‘చంద్రముఖి’కి తర్వాతి కథ. 2023లో అదే దర్శకుడు లారెన్స్, కంగనా రనౌత్‌లతో ‘చంద్రముఖి 2’ తీశారు. అదీ ‘చంద్రముఖి’కి తర్వాతి కథే. ఈ రెండోదాని దృష్టిలో ‘నాగవల్లి’ అసలు జరగనే లేదు. ఒకే మొదలు నుంచి రెండు కొమ్మలు చెరో వైపుకి పోయినట్టు. ‘నాగవల్లి’ చూడకుండా ‘చంద్రముఖి 2’కి వెళ్లినవాళ్లకి కథలో ఏమీ తక్కువ పడదు. 2005 నాటి సినిమా తెలియనివాళ్లకి మాత్రం కొంత తక్కువ పడుతుంది.

ఇదే పని అమెరికన్ సిరీస్ ‘హాలోవీన్’లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. జాన్ కార్పెంటర్ 1978లో మొదటిది తీశాడు. ముసుగు వేసుకుని చంపుతూ పోయే మైకేల్ మయర్స్, వాడి నుంచి తప్పించుకున్న లారీ అనే అమ్మాయి. ఆ అమ్మాయి హంతకుడికి చెల్లెలని 1981లో వచ్చిన రెండో భాగం చెప్పింది. 1982లో వచ్చిన మూడోదాంట్లో మైకేల్ కథే లేదు, పూర్తిగా వేరే కథ. ప్రేక్షకులు ఒప్పుకోలేదు, 1988లో వాణ్ని వెనక్కి తెచ్చారు. 1998లో వచ్చిన సినిమా 4, 5, 6 భాగాల్ని లేనట్టే చూసింది. 2007లో మొత్తం రీబూట్ అయింది. చివరికి 2018లో వచ్చిన సినిమా 1978 నాటి ఒక్కదాన్నే ఉంచుకుని, మిగతావన్నీ తుడిచేసింది. ఆ చెల్లెలి బంధుత్వం కూడా పోయింది. లారీగా జేమీ లీ కర్టిస్ 40 ఏళ్ల తర్వాతి మనిషిగా వచ్చింది.

మొత్తం పదమూడు సినిమాలు. కానీ 2018 నాటిది అర్థం కావడానికి ముందు చూసి ఉండాల్సింది ఒకే ఒక్కటి. సిరీస్ పొడుగును చూసి బెదిరిపోయేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

పేర్లు పెట్టే చిక్కు మనకి సొంతంగా ఇంకొకటుంది. లారెన్స్ ‘ముని’ 2007లో వచ్చింది. 2011లో వచ్చిన ‘కాంచన’ ఆ వరుసలో రెండోది. మూడోదాన్ని తమిళంలో ‘కాంచన 2’ అన్నారు, తెలుగులో 2015లో ‘గంగ’గా వచ్చింది. 2019లో మళ్లీ ‘కాంచన 3’. అంటే తెలుగు పోస్టర్లు మాత్రమే చూసినవాళ్లకి కాంచన ఒకటుంది, మూడుంది, మధ్యలో రెండు మాయమైంది. వరుస మొత్తం చూస్తే మూడు అని రాసినది నిజానికి నాలుగో సినిమా. పోస్టర్ మీద అంకె చూసి, ముందున్నవి ఎన్నో లెక్కేసుకోవడం ఎంత ప్రమాదమో దీంతో తెలుస్తుంది.

## కొత్త సినిమాలోకి ఏం మోసుకొస్తున్నారు

ఎన్నో పార్ట్ అన్నదానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది. పాత సినిమాల నుంచి కొత్తదాంట్లోకి ఏం మోసుకొచ్చారు? కథనా, మనుషుల్నా, ఒక నియమాన్నా, ఉత్త పేరునా?

కథనే మోసుకొచ్చిన సినిమాకి మన దగ్గర మంచి ఉదాహరణ ‘మా ఊరి పొలిమేర’. 2021లో ఓటీటీలో వచ్చిన మొదటి భాగం ఎక్కడ ఆగిందో, 2023లో థియేటర్లకొచ్చిన రెండోది అక్కడి నుంచే లాగుతుంది. మొదటిది చూడకపోతే రెండోదాంట్లో ఎవరు ఎవరిని ఎందుకు వెతుకుతున్నారో పట్టుకోవడమే కష్టం. ఇంగ్లిష్‌లో ‘సా’ సిరీస్ ఇంతకంటే గట్టి ముడి. అందులో ముఖ్యుడు జాన్ క్రామర్ 2006లో వచ్చిన మూడో సినిమాలోనే చనిపోతాడు. తర్వాతి సినిమాలు వాడి గతాన్ని తవ్వుకుంటూ పోతాయి. 2023లో వచ్చిన పదో సినిమా కథ జరిగేది మొదటి రెండు సినిమాల మధ్య కాలంలో. అందుకే చనిపోయిన మనిషి అందులో నిక్షేపంగా హీరోలా తిరుగుతుంటాడు.

నియమాన్ని మోసుకొచ్చేది ‘ఫైనల్ డెస్టినేషన్’. చావు తప్పించుకున్నవాళ్లని చావు వరుసగా వెతుక్కుంటూ వస్తుంది, అంతే సూత్రం. దాదాపు ప్రతి సినిమాలోనూ కొత్త మనుషులు, కొత్త ప్రమాదం. నియమం పది నిమిషాల్లో అర్థమైపోతుంది కాబట్టి ఏ భాగంతో మొదలుపెట్టినా నడుస్తుంది. 2025 మేలో వచ్చిన ఆరో సినిమా ‘బ్లడ్‌లైన్స్’కి ముందు పద్నాలుగేళ్ల విరామం ఉంది. కొత్తవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా చూడగలిగారంటే ఆ సూత్రం వల్లే.

పేరును మాత్రమే మోసుకొచ్చేది ‘రాజు గారి గది’. 2015, 2017, 2019ల్లో మూడు వచ్చాయి. దర్శకుడు ఓంకార్ ఒక్కరే, కథలు మాత్రం దేనికదే. రెండోదైతే ఒక మలయాళ సినిమాకి రీమేక్. ‘కాంచన’ వరుస ఇంచుమించు ఇలాంటిదే అయినా దానికో అచ్చు ఉంది: దెయ్యమంటే హడలిపోయే కుర్రాడు, కోవై సరళ చేసిన అమ్మ, అన్యాయంగా చనిపోయి అతని ఒంట్లోకి వచ్చే ఆత్మ. ఆ అచ్చును చూడటానికే జనం మళ్లీ వస్తారు.

ఇక ‘కంజ్యూరింగ్’ మోసుకొచ్చేది మనుషుల్ని. ప్రతి సినిమాలో కేసు కొత్తది, దెయ్యం కొత్తది, బాధపడే కుటుంబం కొత్తది. ఆ కేసు అక్కడే తేలిపోతుంది. తేలకుండా సినిమా నుంచి సినిమాకి పెరుగుతూ వచ్చేది ఆ భార్యాభర్తల మధ్య ఆప్యాయత, ఎడ్ ఆరోగ్యం, కూతురు జూడీకి తల్లిలాగే ఏవో కనబడుతుండటం. ‘లాస్ట్ రైట్స్’ కథ 1986లో పెన్సిల్వేనియాలో స్మర్ల్ కుటుంబం ఇంట్లో జరుగుతుంది కానీ, మొదలయ్యేది మాత్రం 1964లో జూడీ పుట్టిన రాత్రితో. రెండుంబావు గంటల సినిమాలో ఎక్కువ భాగం ఆ కూతురి పెళ్లి కబుర్లు, తల్లిదండ్రుల బెంగ. దెయ్యం కోసమే వెళ్లినవాళ్లకి మొదటి సగం సాగదీసినట్టుంటుంది. ఆ కుటుంబాన్ని 2013 నుంచి చూస్తున్నవాళ్లకి అసలు సినిమా అదే. ఆ ఫిర్యాదూ, ఈ పొగడ్తా నేను విన్నాను, రెండింటికీ కారణముంది.

## విడుదల వరుసా, కథ వరుసా

పాతవి చూడాలని నిశ్చయించుకున్నవాళ్లకి ఎదురయ్యే తర్వాతి తగువు ఇది. కథలో కాలం ప్రకారం పేరిస్తే ముందు 1952లో రొమేనియాలో జరిగే ‘ది నన్’, చివర 1986 నాటి ‘లాస్ట్ రైట్స్’. విడుదల ప్రకారమైతే 1971 కథ అయిన మొదటి ‘కంజ్యూరింగ్’తో ఆరంభం.

కాలక్రమంలో చూస్తే ఏ కీడు ఎక్కడ పుట్టి ఎవరి ఇంటికి చేరిందో గొలుసులా కనిపిస్తుంది. ‘అనబెల్: క్రియేషన్’ ముగింపు, అంతకుముందు వచ్చిన ‘అనబెల్’ మొదలుకి అతుక్కునే తీరు ఆ పద్ధతిలో చాలా బాగుంటుంది. దీన్ని ఇష్టపడేవాళ్ల వాదన అదే.

అవతలి వాదనకి ఒక్క ఉదాహరణ చాలు. ‘కంజ్యూరింగ్ 2’లో నన్ వేషంలో వచ్చే శక్తికి పేరేమిటో లొరైన్‌కి తెలియదు. ఆ పేరు పట్టుకోవడం మీదే క్లైమాక్స్ నిలబడి ఉంటుంది. తర్వాత రెండేళ్లకి వచ్చిన ‘ది నన్’ ఆ పేరును బయటికే చెప్పేస్తుంది. కథ వరుసలో ముందు ‘ది నన్’ చూసినవాళ్లు, లొరైన్ తల పట్టుకుంటున్నంతసేపూ జవాబు తెలిసి కూర్చుంటారు. అక్కడి టెన్షన్ సగం పోతుంది.

ఇంకో ముచ్చట. 2013 సినిమాలో వారెన్లు ఒక ఉపన్యాసంలో మోరిస్ అనే మనిషికి దెయ్యం వదిలిస్తున్న పాత ఫిల్మ్ చూపిస్తారు. కొద్దిసేపే. ఐదేళ్ల తర్వాత ‘ది నన్’లో ఆ మోరిస్ ఒక ముఖ్యపాత్ర అయ్యాడు, సినిమా చివర అదే ఉపన్యాసానికి తెచ్చి కలిపారు. ఇలా పాత సినిమాలోని చిన్న ముక్కకి తర్వాత కొత్త అర్థం పుట్టించడాన్ని రెట్‌కాన్ అంటారు. ‘కంజ్యూరింగ్ 2’లో ఆ నన్ రూపమే మొదటి షూటింగ్‌లో లేదు, దర్శకుడు జేమ్స్ వాన్ తర్వాత జరిపిన రీషూట్‌లో చేర్చాడు. అంటే మనం ముందుగా గీసిన పటం అనుకుంటున్నది, నిజానికి ఎప్పటికప్పుడు అతుకు వేసుకుంటూ వచ్చిన గుడ్డ. తీసినవాళ్లకి తెలిసిన క్రమం విడుదల క్రమమే కాబట్టి, సస్పెన్స్ కూడా ఆ క్రమంలోనే నిలబడుతుంది.

## పదో సినిమాకి భయం ఎందుకు పలచబడుతుంది

మొదటి ‘కంజ్యూరింగ్’లో పిల్లలు ఒక ఆట ఆడతారు. ఒకరు కళ్లకి గంతలు కట్టుకుని వెతకాలి, దాక్కున్నవాళ్లు అడిగినప్పుడు చప్పట్లు కొట్టాలి, మూడుసార్లే. కాసేపటికి ఆ ఇంటి తల్లి సెల్లార్ చీకట్లో ఇరుక్కుంటుంది. చేతిలో అగ్గిపుల్ల. దాని వెలుగు ఆమె ముఖం వరకే. పక్కనున్న చీకట్లోంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొడతాయి. ముఖం కనిపించదు, రక్తం లేదు, గ్రాఫిక్స్ లేవు. ఆ రోజు హాల్లో ఒక్క క్షణం అరుపు, ఆ వెంటనే అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నాకింకా గుర్తు.

ఉలిక్కిపడటం శరీరం తనంతట తానే చేసే పని. నిశ్శబ్దం తర్వాత పెద్ద చప్పుడు వస్తే కళ్లు మూసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి. ఆలోచనతో నిమిత్తం లేదు. దీన్ని వాడుకునేదే జంప్ స్కేర్. అయితే అదే తరహా దెబ్బ మళ్లీ మళ్లీ తగిలితే శరీరం అలవాటు పడిపోతుంది. తలుపు కిర్రుమంది, నిశ్శబ్దం, ఇప్పుడు పడుతుంది దెబ్బ అని ప్రేక్షకుడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. రెండో చిక్కు, దెయ్యం గురించి తెలిసేకొద్దీ భయం తగ్గడం. పేరు తెలియని ఆకారానికి ఊరు, పేరు, గతం ఇచ్చాక అది ఒక పాత్ర అవుతుంది. స్పిన్‌ఆఫ్ చేసే పనే గతం చెప్పడం. కాబట్టి సిరీస్ పెరుగుతున్నకొద్దీ భయాన్ని ఖర్చు పెట్టి కథను కొనుక్కుంటున్నట్టే. అమ్మమ్మ వేపచెట్టు కింద ఏదో ఉంది అని ఆపేసినంతవరకే కదా మనం అటు వెళ్లడానికి జంకింది.

దీనికి మన థియేటర్లలో ఇంకొకటి తోడవుతుంది, ఇంటర్వెల్. తెలుగు హారర్ ఇంటర్వెల్‌ని లెక్కలో పెట్టుకుని, సరిగ్గా అక్కడికి ఒక బ్యాంగ్ తెచ్చి ఆపుతుంది. హాలీవుడ్ సినిమాకి అలాంటి చోటే ఉండదు. మెల్లగా పేరుస్తూ వస్తున్న భయం మధ్యలో లైట్లు వెలుగుతాయి, పాప్‌కార్న్ వాసన, ఫోన్లు. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. ఫలానా పార్ట్ నెమ్మదిగా ఉందని మనవాళ్లు అనడంలో దీని వాటా కూడా కొంత ఉందని నా నమ్మకం.

## ‘నిజంగా జరిగిన కథ’ అన్నప్పుడు ఎంతవరకు నిజం

ఎడ్ (మరణం 2006), లొరైన్ (మరణం 2019) నిజంగా ఉన్నవాళ్లే. కనెక్టికట్‌లో వాళ్లకో మ్యూజియం ఉండేది. అనబెల్ బొమ్మా ఉంది, కాకపోతే సినిమాలో లాంటి పింగాణీ ముఖం కాదు, ఎర్ర ఊలు జుట్టున్న మామూలు గుడ్డబొమ్మ. మొదటి సినిమాలోని కుటుంబం 1971లో రోడ్ ఐలాండ్‌లోని ఆ ఇంటికి వచ్చిన మాట నిజం. సినిమాలో ఒక్క రాత్రితో అంతా సర్దుకుంటుంది, వాళ్లు మాత్రం 1980 దాకా అదే ఇంట్లో ఉన్నారు. రెండో సినిమాకి ఆధారమైన లండన్ ఎన్‌ఫీల్డ్ కేసును చాలాకాలం దగ్గరుండి చూసిన పరిశోధకుడు గై లయన్ ప్లేఫెయిర్, అందులో వారెన్ల పాత్ర చాలా స్వల్పమని చెప్పాడు. సినిమాలో మొత్తం వాళ్లే. మూడో సినిమాకి ఆధారమైన 1981 హత్య కేసులో, దెయ్యం పట్టి చేశాడన్న వాదనను జడ్జి ఒప్పుకోలేదు, నిందితుడికి శిక్ష పడింది.

వారెన్ల నమ్మకం నిజాయితీగలదని అనేవాళ్లున్నారు, వాళ్లు చూపినవి ఆధారాలే కావని తేల్చిన సంశయవాదులూ ఉన్నారు. ఇందులో ఖాయంగా చెప్పగలిగింది ఇంతవరకే: మనుషులు, ఊళ్లు, ఏడాదులు నిజం. తెర మీద గాల్లోకి లేచే మంచాలకి మాత్రం ఆ కుటుంబాలు, వారెన్లు చెప్పినదే ఆధారం.

## ‘ఇదే చివరిది’ అని ఎన్నిసార్లు విన్నాం

‘ఫ్రైడే ది థర్టీన్త్’ నాలుగోదానికి 1984లో చివరి అధ్యాయం అనే పేరే పెట్టారు. మరుసటి ఏడాదే ఐదోది, ‘ఎ న్యూ బిగినింగ్’. ‘సా’ ఏడోది 2010లో ముగింపన్నారు, ఆ తర్వాత మూడొచ్చాయి.

డబ్బు లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. హారర్‌కి పెద్ద స్టార్ అక్కర్లేదు, నాలుగు గోడలు, చీకటి, మంచి సౌండ్ చాలు. మొదటి ‘సా’కి ఖర్చు సుమారు 12 లక్షల డాలర్లు, వచ్చింది 10 కోట్లకి పైగా. మొదటి ‘కంజ్యూరింగ్’ 2 కోట్లతో తీస్తే 31 కోట్లు దాటింది. ‘లాస్ట్ రైట్స్’ దాదాపు 50 కోట్ల డాలర్లు తెచ్చి, సిరీస్ మొత్తంలో అన్నిటికంటే పెద్దదైంది. వారెన్లుగా విల్సన్, ఫార్మిగాల ప్రయాణం ముగిసిందన్న మాట నమ్మవచ్చు, కథకి అది సరైన చోటే. ఆ గాజుపెట్టె ఉన్న గదికి ఎప్పటికీ తాళం పడిందంటే నమ్మడం కష్టం.

పిన్ని వచ్చింది. పాతవేవీ చూడకుండానే. దెయ్యం వచ్చిన చోటల్లా చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చివర్లో జూడీ పెళ్లి సీన్ దగ్గర చున్నీ తీసేసి, కళ్లు తుడుచుకుంది. పాత సినిమాల నటులు ఆ పెళ్లికి అతిథుల్లా రావడం తమ్ముడు చెవిలో చెబుతుంటే, “ఉండరా, చూడనియ్యి” అంది. ఆమెకి అక్కడ కనిపించింది కూతుర్ని అత్తారింటికి పంపుతున్న తండ్రి, అంతే.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, కిటికీలన్నీ తెరిచి, ఇంట్లో టీవీలో మొదటి భాగం పెట్టుకుందట. సగంలో ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఆ చప్పట్లు కొట్టిందెవరురా?”